మబ్బు కింద లెక్క

ప్లాస్టిక్ దువ్వెనతో పొడి జుట్టును గబగబా దువ్వి, చిన్న చిన్న కాగితం ముక్కల దగ్గర పెట్టండి. తాకకముందే అవి ఎగిరొచ్చి అతుక్కుంటాయి. దువ్వెన మీది విద్యుదావేశం తన చుట్టూ ఉన్న చోటంతటా ప్రభావం చూపుతుందన్నమాట. దాన్నే విద్యుత్ క్షేత్రం అంటారు.

దాన్ని లెక్కకట్టే దారి చూపినవాడు ఫ్రాన్సుకు చెందిన కూలుంబ్. కదలని ఆవేశానికి రెట్టింపు దూరం వెళితే దాని బలం నాలుగో వంతుకు తగ్గుతుందని 1785లో తేల్చాడు. ఆవేశాలు రెండు మూడు ఉంటే? ఒక్కోదాని క్షేత్రాన్నీ విడిగా లెక్కవేసి, దిశను బట్టి కలపాలి. ఒకే దిశలో ఉంటే కూడిక, ఎదురెదురైతే తీసివేత. ఇంటర్ పిల్లలు చేసే లెక్క ఇదే.

ఇప్పుడు ఉరుముల మబ్బును చూద్దాం. అందులో సాధారణంగా పైన ధనావేశం, దాని కింద రుణావేశం పోగవుతాయి. అయిదు కిలోమీటర్ల ఎత్తున 20 కూలుంబుల రుణావేశం, పది కిలోమీటర్ల ఎత్తున అంతే ధనావేశం రెండు చుక్కల్లా ఉన్నాయనుకుందాం. సరిగ్గా వాటి కింద నేలమీద మొదటిదాని క్షేత్రం మీటరుకు 7,200 వోల్టులు, పైకి. రెండోదానిది 1,800, కిందికి. తీసేస్తే 5,400. మబ్బు ప్రభావంతో నేలమీద చేరే ఆవేశం దాన్ని రెట్టింపు చేస్తుంది. మొత్తం 10,800! నిర్మలమైన రోజున ఇది వంద వోల్టులకు అటూ ఇటూగా ఉంటుంది.

గాలిలో నిప్పురవ్వ పుట్టాలంటే మీటరుకు దాదాపు 30 లక్షల వోల్టులు కావాలి. మరి పదివేలకే భయమెందుకు? ఎత్తుగా, మొనదేలి ఉన్నచోట ఆవేశం గుమిగూడి క్షేత్రం ఎన్నో రెట్లు పెరుగుతుంది. చెట్టు కొస, బయలు పొలంలో ఒంటరిగా నిలబడ్డ మనిషి తల అలాంటివే. పిడుగు కిందికి దిగుతున్నకొద్దీ అది ఇంకా పెరుగుతుంది. మన పల్లెల్లో ఏటా రైతులూ, గొర్రెల కాపరులూ పిడుగుపాటుకు బలవుతున్నది ఇలాంటి చోట్లే.

అందుకే ఉరుము వినపడగానే చెట్టు కిందికి కాదు, పక్కా ఇంట్లోకి వెళ్లాలి. లేదంటే రేకు పైకప్పున్న కారెక్కి అద్దాలు మూసుకోవాలి. లోహపు తొడుగు ఆవేశాన్ని బయటే ఉంచుతుంది. ఒంటిమీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయంటే క్షేత్రం బాగా పెరిగిందని అర్థం, క్షణం ఆలస్యం చేయొద్దు. ఆఖరి ఉరుము విన్నాక మరో అరగంట బయటికి రావద్దు.

ఇంటర్ చదివే పిల్లలూ! ఈ లెక్క పరీక్షలో రాస్తే మార్కులొస్తాయి. పొలానికెళ్లే నాన్నకు చెబితే ప్రాణమే నిలవొచ్చు.