రేషన్ కార్డుకు పేదవాడే, వృత్తి పన్నుకు మాత్రం కాదు

రిటర్నులు వేయించుకోవడానికి తిరుమలగిరిలోని మా షాపుకు వచ్చేవాళ్లలో చాలామందికి కట్టాల్సిన ఇన్‌కం టాక్స్ ఏమీ ఉండదు. బండి లోనుకో, ఇంటి లోనుకో బ్యాంకు అడిగిందని వస్తారు. వాళ్ల జీతం స్లిప్పులో పీఎఫ్, ఈఎస్ఐ కింద ఇంకో గడి ఉంటుంది. పీటీ, అంటే వృత్తి పన్ను. ఆ గడి సంగతి ప్రభుత్వాన్ని అడగాలనే ఇది రాస్తున్నాను.

ఈసారి పక్క ఊరి పిలగాడు ఒకడు మూడు రాష్ట్రాల స్లిప్పులు పట్టుకొచ్చాడు. ఏడాదిలో పుణె, బెంగళూరు, హైదరాబాద్ తిరిగాడు. అన్నిచోట్లా గోదాములో పని, జీతం పద్దెనిమిది వేల దగ్గరే. పుణెలో నెలకు 200 కోశారు. బెంగళూరులో ఏమీ లేదు. హైదరాబాద్‌లో 150.

"బెంగళూరుల ఒక్క రూపాయి పట్టలే సార్. సొంత రాష్ట్రానికి వస్తే నెలకు నూటయాభై పట్టుకుంటున్రు. ఇదేం లెక్క?" అన్నాడు.

లెక్క చెప్పాను. మన దేశంలో జీతం మీద ఆదాయ పన్ను వేసే అధికారం కేంద్రానిదే. ఎన్ని రాష్ట్రాల్లో పనిచేసినా రిటర్న్ ఒకటే. యజమానులు ఇచ్చిన ఫారం-16లు కలిపి చూపిస్తే చాలు. అమెరికాలో ఉన్న మన పిల్లలకు ఆ సుఖం లేదు. న్యూజెర్సీ నుంచి డాలస్‌కు మారిన ఏడాది, టెక్సాస్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేకపోయినా, న్యూజెర్సీలో ఉన్న నెలలకు అక్కడ విడిగా రిటర్న్ వేయాలి. మనకు ఆ బాధ తప్పింది గానీ, రాజ్యాంగం 276వ అధికరణం కింద రాష్ట్రాలకు వృత్తి పన్ను ఉంది. ఎవరి శ్లాబులు వాళ్లవి. ఢిల్లీ, హర్యానా, రాజస్థాన్‌లలో అసలు ఈ పన్నే లేదు. కర్ణాటక 2023 ఏప్రిల్ నుంచి 25 వేల లోపు జీతాలను వదిలేసింది. మహారాష్ట్రలో మగవాళ్లకు ఏడున్నర వేలు దాటితే పట్టుకుంటారు, ఆడవాళ్లకు మాత్రం 25 వేల దాకా మినహాయింపు ఇచ్చారు.

మన దగ్గర 15 వేలు దాటితే 150, 20 వేలు దాటితే 200. ఇవి ఉమ్మడి రాష్ట్రంలో 2013లో వేసిన శ్లాబులు. రాష్ట్రం వచ్చింది, నల్లగొండలో ఉన్న మా తిరుమలగిరి సూర్యాపేట జిల్లాకు మారింది, కిరాయిలు ఎక్కడికో పోయాయి. ఆ పదిహేను వేల గీత మాత్రం కదలలేదు.

2025 జూలైలో ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కొత్త రేషన్ కార్డుల పంపిణీ మా తిరుమలగిరిలోనే మొదలుపెట్టారు. కార్డుకు ఆదాయ పరిమితి పట్టణాల్లో ఏడాదికి 2 లక్షలు. హైదరాబాద్‌లో ఒక్కరి సంపాదనతో నడిచే ఇంట్లో నెలకు 16 వేలు వస్తే ఏడాదికి లక్షా 92 వేలు. అంటే సర్కారు లెక్కలో ఆ ఇల్లు పేద ఇల్లే. సన్నబియ్యానికి అర్హత ఉంది. అదే సర్కారు అదే జీతంలోంచి ఏడాదికి 1,800 పట్టుకుంటోంది. ఇది నాకు ఎంత ఆలోచించినా మింగుడుపడదు.

కేంద్రం 12 లక్షల దాకా కొత్త విధానంలో ఆదాయ పన్ను లేకుండా చేసింది. ఇక వృత్తి పన్నులో పైమెట్టు మీదున్న వాళ్ల సంగతి చూడండి. నెలకు మూడు లక్షలు తెచ్చుకునే ఇంజనీరు కూడా మన రాష్ట్రంలో నెలకు 200లే కడతాడు. పాత విధానంలో ఉంటే ఆ కట్టినదాన్ని ఆదాయంలోంచి తగ్గించుకుంటాడు కూడా. పదహారు వేల వాడికి తగ్గించుకోవడానికి పన్నే లేదాయె. వృత్తి పన్ను ఏడాదికి 2,500 దాటకూడదని రాజ్యాంగంలోనే ఉంది. 1988లో 250 నుంచి ఆ అంకెకు పెంచారు, అక్కడే ఆగింది. దాన్ని 12 వేలు చేయమని 14వ ఆర్థిక సంఘం సిఫారసు చేసినా పార్లమెంటు ముట్టుకోలేదు.

పై గీత ఢిల్లీ చేతిలో ఉంది. కింది గీత మాత్రం హైదరాబాద్ చేతిలోనే ఉంది. దాన్ని జరపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఖజానాకు తగ్గుతుందంటారు. తగ్గుతుంది. పొరుగున ఉన్న కర్ణాటక ఆ తగ్గుదలకు ఒప్పుకునే చేసింది. మా మండలాల నుంచి వెళ్లి హైదరాబాద్ ఆసుపత్రుల్లో ఆయాలుగా, షాపింగ్ మాళ్లలో సేల్స్ గర్ల్స్‌గా పనిచేస్తున్న ఆడపిల్లల జీతాలు పదహారు, పద్దెనిమిది వేల మధ్యే ఉంటాయి. వచ్చే బడ్జెట్‌లో కనీసం 25 వేల దాకా అందరికీ మినహాయింపు ఇవ్వాలి. ఆ మాట అసెంబ్లీలో ఎత్తమని మా తుంగతుర్తి ఎమ్మెల్యేను అడుగుతున్నాను. వలస పిల్లలున్న ప్రతి నియోజకవర్గం నుంచీ అడగాలి.