రెండింటి మీదా 1.5 గ్రాములే ఉంది, కానీ రెండూ ఒకటి కాదు

పోస్టు కొంచెం పెద్దదే. పరీక్షల టైములో ఇదేం గోల అనుకోకుండా చివరిదాకా చదవండి. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు పనికొస్తుంది.

మొన్న మన గ్రూపులోకే ఒక ఫార్వర్డ్ వచ్చింది. కాళ్లు పీకుతున్నా, నీరసంగా ఉన్నా పొటాషియం సిరప్ రెండు మూతలు తాగితే పోద్దని రాశారు. కింద చాలామంది చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. ఆ పోస్టు పెట్టినవాళ్ల మీద మాకు కోపం లేదు. ఎందుకంటే అదే తప్పు మేమూ చేశాం. పోస్టు పెట్టి కాదు, ఫోన్లో చెప్పి.

మా హాస్టల్ గదిలో నలుగురం. నలుగురి ఇళ్లల్లోనూ కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మీలో చాలామందిది కూడా ఇదే సంగతి. అందుకే ఊరి నుంచి మాకు రోజూ ఫొటోలు వస్తాయి. పింఛన్ కాగితం, ఆధార్ మెసేజ్, బ్యాంకు పుస్తకం, మందు సీసా. 'ఇందులో ఏం రాసుందో చూసి చెప్పు' అంటారు. చూసి చెప్తాం. చెప్పినప్పుడు కొంచెం గొప్పగా కూడా ఉంటుంది, అబద్ధం ఎందుకు.

పోయిన వానాకాలం మాలో ఒకరి పిన్నికి విరేచనాలు పట్టుకున్నాయి. గెడ్డ నీళ్లు మురికైన రోజులు, ఊళ్లో ఇంకా ఇద్దరు ముగ్గురికి ఉంది. ఆశా అక్క ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఇచ్చి వెళ్లింది. పొద్దున్నే పిన్ని కూతురు ఫోన్ చేసింది.

'అన్నయ్యా, అమ్మ ఓఆర్ఎస్ తాగలేకపోతోంది, ఉప్పగా ఉందని కక్కేస్తోంది. తాత సిరప్ ఇంట్లో ఉంది. అది పొయ్యమంటావా?'

ప్యాకెట్ ఫొటో, సీసా ఫొటో రెండూ పంపింది. నలుగురం ఫోన్ చుట్టూ మూగి చదివాం. ప్యాకెట్ మీద పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు అని ఉంది. సీసా మీద కూడా పొటాషియం క్లోరైడ్ 1.5 గ్రాములు అని ఉంది. రెండూ ఒకటే కదా, ఇది తాగడం తేలిక, ఇచ్చెయ్యండి అని చెప్పాం. ఎవరి నోటితో చెప్పామో పేరెందుకు? నలుగురం ఊ అన్నాం.

పెద్ద చెంచాతో మూడు పోశారు, నీళ్లు కలపలేదు. సాయంత్రం మళ్లీ మూడు. రాత్రికి కడుపులో మంట, వాంతులు, కాళ్లూ చేతులూ వాలిపోవడం. తెల్లారి డోలీ కట్టి రోడ్డుదాకా మోసి, అక్కణ్నుంచి 108లో పీహెచ్‌సీకి, తర్వాత పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఈసీజీ తీశారు, రక్తం చూశారు. ఒంట్లో నీరు బాగా తగ్గింది, పొటాషియం ఉండాల్సిన దానికంటే పెరిగింది అన్నారు. మూడు రోజులు ఉంచి పంపించారు. పిన్ని ఇప్పుడు బాగానే ఉంది.

కానీ ఒక మాట మమ్మల్ని వదలట్లేదు. ఆసుపత్రిలో 'ఈ సిరప్ ఎవరు తాగమన్నారమ్మా' అని అడిగితే, పిన్ని ఆ నీరసంలో కూడా 'మా అబ్బాయి పట్నంలో చదువుతున్నాడు సార్, వాడే చెప్పాడు' అందట. గొప్పగా చెప్పిందట. ఆ మాట విన్నాక రెండు రోజులు మా గదిలో ఎవరం సరిగ్గా అన్నం తినలేదు.

తర్వాత పిన్నిని చూసిన డాక్టరమ్మనీ, మా ఊరి ఏఎన్ఎం అక్కనీ, మందుల షాపులో ఫార్మసిస్టునీ అడిగి తెలుసుకున్నాం. మేం ఎక్కడ తప్పామో అప్పుడు అర్థమైంది. ప్యాకెట్ మీద ఉన్న 1.5 గ్రాములు ఒక లీటరు నీళ్లకి. సీసా మీద ఉన్న 1.5 గ్రాములు 15 మిల్లీలీటర్లకి, అంటే మూడు చిన్న చెంచాలకి. లీటరు ఓఆర్ఎస్‌ని రోజంతా గుక్కలు గుక్కలుగా తాగితే ఒంట్లోకి వెళ్లే పొటాషియం, ఆ సిరప్ మూడు చెంచాలతో ఒక్క గుటకలో వెళ్లిపోద్ది. మేము అంకె చదివాం, దాని పక్కనున్న చిన్న అక్షరాలు చదవలేదు.

ఇప్పుడు రెండింటి సంగతీ విడివిడిగా చెప్తాం.

ముందు ఓఆర్ఎస్. ఇది విరేచనాలు ఆపే మందు కాదు. పోయిన నీటినీ ఉప్పునీ తిరిగి ఒంట్లోకి ఎక్కించేది. లీటరుకి సరిపోయే పెద్ద ప్యాకెట్‌లో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజ్ 13.5, పొటాషియం క్లోరైడ్ 1.5, సిట్రేట్ 2.9, మొత్తం 20.5 గ్రాములు ఉంటాయి. గ్లూకోజ్ రుచి కోసం వేసింది కాదు. పేగులో గ్లూకోజ్ లోపలికి వెళ్తూ ఉప్పుని తనతో తీసుకెళ్తుంది, ఉప్పు వెనకాల నీళ్లు వెళ్తాయి. అందుకే కొలత తప్పకూడదు. ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటరు నీళ్లలో కలపాలి. చిన్న ప్యాకెట్లు 200 మిల్లీలీటర్లకి వస్తాయి, దాని మీద ఎంత రాసుంటే అంతే. తక్కువ నీళ్లలో చిక్కగా కలిపితే ఒంట్లో ఉప్పు పెరిగి, ముఖ్యంగా పిల్లలకి, ప్రమాదం. పంచదార కలపకూడదు. కాచి చల్లార్చిన నీళ్లయితే మంచిది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయాలి.

ఎంత ఇవ్వాలి? రెండేళ్ల లోపు పిల్లలకి విరేచనం అయిన ప్రతిసారీ 50 నుంచి 100 మిల్లీలీటర్లు. రెండు నుంచి పదేళ్ల వాళ్లకి 100 నుంచి 200. అంతకంటే పెద్దవాళ్లకి తాగగలిగినంత. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ చెంచాతో రెండు మూడు నిమిషాలకొకసారి పొయ్యాలి. పిన్ని కక్కేస్తోంది అన్నప్పుడు మేం చెప్పాల్సింది ఈ ఒక్క మాటే. పిల్లలకి దీంతోపాటు 14 రోజులు జింక్ మాత్రలు ఇస్తారు, అవి ఆశా అక్క దగ్గరే ఉంటాయి. తల్లిపాలు, అంబలి, గంజి ఏదీ ఆపకూడదు.

ఇప్పుడు పొటాషియం సిరప్. తాతకి గుండె జబ్బు వల్ల కాళ్లు వాస్తే, నీరు దిగడానికి ఫ్రూసెమైడ్ మాత్ర ఇచ్చారు. ఆ మాత్ర మూత్రంలో నీటితోపాటు పొటాషియాన్ని కూడా బయటికి పంపేస్తుంది. ఆ లోటు పూడ్చడానికి సిరప్ రాశారు. అంటే అది తాత రక్తం చూసి, తాత వేసుకునే మాత్ర చూసి, తాత కోసం కట్టిన లెక్క. బలం టానిక్కు కాదు. అందులో గ్లూకోజూ ఉప్పూ కలిసిన ఆ పద్ధతి లేదు కాబట్టి విరేచనాలతో పోయిన నీటిని అది తిరిగి తేలేదు.

దాని మోతాదు డాక్టరే చెప్పాలి. మామూలుగా పొటాషియం తగ్గకుండా కాపాడడానికి పెద్దవాళ్లకి రోజుకి 15 మిల్లీలీటర్ల దగ్గర మొదలుపెడతారు. బాగా తగ్గినవాళ్లకి ఇంకా ఎక్కువ రాస్తారు గానీ రోజంతా విడదీసి ఇస్తారు, ఒక్కసారికి 15 మిల్లీలీటర్లు దాటనివ్వరు. అది కూడా గ్లాసు నీళ్లలో కలిపి, అన్నం తిన్నాక, మెల్లగా తాగాలి. ఉత్తదే తాగితే కడుపులో మంట, వాంతులు. కొలవడానికి సీసాతో వచ్చిన మూతే వాడాలి. ఇంట్లో చెంచాలు ఒక్కొక్కటీ ఒక్కో సైజు. మేం మూడు చెంచాలు అనుకున్నది, ఆ పెద్ద చెంచాతో ఎంతయ్యిందో దేవుడికే తెలియాలి.

రక్తంలో పొటాషియం లీటరుకి 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ దాకా ఉండాలి. గీత చాలా సన్నం. తగ్గినా గుండె లయ తప్పుద్ది, పెరిగినా తప్పుద్ది. బాగా పెరిగితే గుండె ఆగిపోవచ్చు, ముందు ఏ గుర్తూ కనపడకుండానే. ఇంకో సంగతి బాగా గుర్తుపెట్టుకోండి. పొటాషియం తగ్గితే నీరసం, పెరిగినా నీరసమే. కాబట్టి కాళ్లు పీకుతున్నాయని సిరప్ తాగమనడం చీకట్లో రాయి వెయ్యడమే. రక్త పరీక్ష తప్ప దాన్ని చెప్పగలిగేది లేదు.

ఎక్కువైన పొటాషియాన్ని బయటికి పంపేది కిడ్నీలు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్లకి ఈ సిరప్ విషంతో సమానం. ఎన్టీఆర్ జిల్లా ఎ.కొండూరు మండలం తండాల్లో, శ్రీకాకుళం ఉద్దానంలో ఎన్ని ఇళ్లల్లో కిడ్నీ జబ్బు ఉందో మనకి తెలుసు. చాలామందికి జబ్బు ముదిరేదాకా ఉన్నట్టే తెలియదు. బీపీకి వాడే టెల్మిసార్టాన్, లోసార్టాన్, ఎనలాప్రిల్, రామిప్రిల్, గుండెకి వాడే స్పైరోనోలాక్టోన్, ఇవి కూడా పొటాషియాన్ని ఒంట్లోనే నిలబెడతాయి. వీటితోపాటు డాక్టర్ చూపు లేకుండా సిరప్ తాగితే రెట్టింపు ప్రమాదం. ఒళ్లు నొప్పులకి సంతలో కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటివి కిడ్నీ మీద బరువు పెంచుతాయి. మా పిన్ని రోజూ బీపీ మాత్ర వేసుకుంటుంది. ఒంట్లో నీళ్లు లేని రోజు, బీపీ మాత్ర మీద, తాత సిరప్ పోయించాం. ఆమె ఏం మాత్రలు వేసుకుంటోందని మేం అడగనైనా లేదు.

'మీకేం, హాస్టల్లో కూర్చుని ఎన్నైనా చెప్తారు. మా ఊరికి రోడ్డే లేదు, డాక్టర్ని అడిగేదాకా ఆగితే మనిషి పోతాడు' అని మీలో కొందరు అంటారు. నిజం. కాదనడం లేదు. అందుకే మేం చెప్పేది అన్ని మందులకీ డాక్టర్ని అడగండి అని కాదు. ఏది అడగక్కర్లేదో, ఏది అడగకుండా ముట్టకూడదో తెలుసుకోండి అని.

1971 బంగ్లాదేశ్ యుద్ధం రోజుల్లో బెంగాల్‌లోని బన్‌గావ్ శరణార్థి శిబిరంలో కలరా వచ్చి జనం రాలిపోతుంటే, సెలైన్ సీసాలు అయిపోయాయి. దిలీప్ మహాలనబిస్ అనే డాక్టరు ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తయారు చేయించి, రోగుల ఇంటివాళ్ల చేతే తాగించారు. మరణాలు బాగా తగ్గాయి. ఆయన పోయాక 2023లో పద్మవిభూషణ్ ఇచ్చారు. ఓఆర్ఎస్ పుట్టిందే డాక్టర్ అందని చోట మనలాంటివాళ్ల చేతుల్లో పని చెయ్యడానికి. అది ఇవ్వడంలో ఆలస్యం చేస్తే ప్రమాదం. పొటాషియం సిరప్ పరీక్ష చూసి ఇచ్చేది. అది ఇవ్వడంలో తొందరపడితే ప్రమాదం. ఈ ఒక్క తేడా మన ప్రతి ఇంట్లో తెలియాలి. కిడ్నీ, గుండె జబ్బు ఉన్నవాళ్లకి విరేచనాలైతే మాత్రం ఓఆర్ఎస్ మొదలుపెడుతూనే ఏఎన్ఎం అక్కకో డాక్టరుకో చెప్పాలి.

ఓఆర్ఎస్ పేరుతో డబ్బాల్లో తియ్యటి నీళ్లు కూడా అమ్మారు. హైదరాబాద్‌లో పిల్లల డాక్టరు శివరంజని సంతోష్ దాని మీద ఏళ్ల తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఆ పానీయాల మీద ఓఆర్ఎస్ అన్న పేరు వాడొద్దని ఆదేశించింది. షాపులో కొంటే పేరు కాదు, లోపల ఏముందో, ఎంతుందో చూడండి.

తప్పంతా మనదేనా? కాదు. తాతకి సీసా ఇచ్చినప్పుడు ఇది దేనికి, ఎన్నాళ్లు, ఎవరికి ఇవ్వకూడదు అని ఇంట్లో ఎవరికీ అర్థమయ్యేలా చెప్పలేదు. సీసా మీద చీమ తలకాయంత ఇంగ్లీషు. మందు ఇచ్చే ప్రతిచోటా తెలుగులో ఒక చీటీ ఇవ్వాలని, కువి, సవర, కోయ, గోండి మాట్లాడే పెద్దవాళ్లకి వాళ్ల మాటలో చెప్పే మనిషి ఉండాలని మనం అడగాలి. రోడ్డు కోసం అడిగినట్టే దీనికోసం కూడా ఐటీడీఏ గ్రీవెన్స్‌లో అర్జీ పెట్టాలి. అది వచ్చేదాకా ఆ చీటీ రాసేది మనమే.

మేం నలుగురం పోయిన సెలవుల్లో చేసింది చెప్తాం, మీకు నచ్చితే మీరూ చెయ్యండి. ఇంట్లో ఉన్న మందులన్నీ బయటికి తీశాం. ఒక్కోదాని మీద ఎవరిది, దేనికి, ఎప్పటిదాకా అని తెలుగులో రాసి అంటించాం. తెలియనివి పీహెచ్‌సీకి పట్టుకెళ్లి అడిగాం. డేటు అయిపోయినవి తీసేశాం. లీటరు వాటర్ బాటిల్ ఒకటి ఓఆర్ఎస్ కోసమే పక్కన పెట్టాం. కళ్లు లోపలికి పోయినా, మత్తుగా పడున్నా, తాగలేకపోతున్నా, విరేచనంలో రక్తం పడినా ఇంట్లో ఆగకుండా బయలుదేరాలని అమ్మావాళ్లకి చెప్పాం.

ఇంకొకటి నేర్చుకున్నాం, అదే అన్నింటికంటే కష్టం. ఇప్పుడు మందు ఫొటో వస్తే 'ఇందులో ఇలా రాసుంది, ఇవ్వాలో వద్దో నాకు తెలీదు, అడిగి చెప్తాను' అంటున్నాం. మొదటిసారి అన్నప్పుడు నాలిక తిరగలేదు. చదువుకుని కూడా తెలీదంటావేంట్రా అని మావయ్య నవ్వాడు. నవ్వనీ. పిన్ని ఇప్పటికీ ఫొటోలు మాకే పంపుతుంది. ఆ నమ్మకం మోసేవాళ్లం కాబట్టే, తెలియనప్పుడు తెలియదని చెప్పాల్సింది కూడా మనమే.

ఆ ఫార్వర్డ్ ఎవరు పెట్టారో వాళ్లు దాన్ని తీసేస్తారని ఆశిస్తున్నాం. మీ ఇంట్లో ఇలాంటిది ఏదైనా జరిగితే కింద రాయండి. ఎవరం ఎవర్నీ ఎగతాళి చెయ్యం.

జై ఆదివాసీ.