చూలాలూ - నాన్‌స్టిక్ పెనమూ

ప్రశ్న: నాకిప్పుడు అయిదో నెల. మా ఇంట్లో అట్లూ, వేపుళ్ళూ అన్నీ నాన్‌స్టిక్ పెనంమీదే. అది కడుపులో బిడ్డకు చెరుపని ఎవరో చెప్పగా, మా అత్తగారు దాన్ని అటక ఎక్కించి, పాత ఇత్తడి గిన్నెలు దింపించారు. మా వారు ఇదంతా చాదస్తమంటున్నారు. ఎవరి మాట వినమంటారు?
- ఒక సోదరి

జవాబు: మీ అత్తగారి భయం ఉత్త భయం కాదు. కాని ఆ దోషం పెనానిది తక్కువ, దాన్ని తయారుచేసిన కర్మాగారానిది ఎక్కువ.

టెఫ్లాన్ అని మనం పిలిచే పూత 1938లో అమెరికాలో రాయ్ ప్లంకెట్ అనే రసాయన శాస్త్రజ్ఞుడికి అనుకోకుండా దొరికింది. 1954లో ఫ్రాన్సులో మార్క్ గ్రెగ్వార్ అనే ఆయన దాన్ని వంటపాత్రకు పట్టించాడు. అది మరే పదార్థంతోనూ తేలిగ్గా కలవదు. అట్టు అంటుకోకపోవడానికి కారణం అదే. గీతలు పడి పెచ్చు ఊడి, పొరపాటున కడుపులోకి పోయినా అరగదు, రక్తంలో కలవదు, అలాగే బయటికి పోతుంది.

మరి గొడవ ఎక్కడ వచ్చింది? పూత తయారీలో చాలాకాలం పీఎఫ్‌ఓఏ అనే మరో రసాయనం వాడారు. వెస్ట్ వర్జీనియాలో పార్కర్స్‌బర్గ్ దగ్గరి కర్మాగారం నుంచి అది చుట్టుపక్కల వాళ్ళ తాగేనీటిలో కలిసింది. సుమారు 69 వేలమంది రక్తం పరీక్షించారు. 2011-12లో శాస్త్రజ్ఞుల సంఘం ఆ రసాయనానికీ ఆరు జబ్బులకూ సంబంధం ఉండవచ్చునని తేల్చింది. గర్భిణులకు వచ్చే రక్తపుపోటు అందులో ఒకటి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కాన్సర్ పరిశోధన విభాగం దాన్ని కాన్సర్ కారకమని ప్రకటించింది. అయితే అక్కడివాళ్ళు ఏళ్ళ తరబడి తాగింది కలుషితమైన నీరు. తయారైన పెనంలో మిగిలే పీఎఫ్‌ఓఏ బహుస్వల్పం. అమెరికాలో పెద్ద కంపెనీలు 2015 చివరికి దాని వాడకం మానేశాయి. బదులుగా ఆ కుటుంబానికే చెందిన ఇతర రసాయనాలు వాడినవాళ్ళూ ఉన్నారు గనుక, "పీఎఫ్‌ఓఏ లేదు" అన్న చీటీ చూసి పూర్తిగా మురిసిపోనక్కరలేదు.

పెనంతో మీరు జాగ్రత్త పడవలసింది వేడి విషయంలో. 260 డిగ్రీల సెంటిగ్రేడు దాటితే పూత చెడడం మొదలుపెడుతుంది. ఖాళీ పెనం పెద్ద మంటమీద కొద్ది నిమిషాల్లోనే అంత వేడెక్కగలదు. మరీ మాడితే వచ్చే పొగకు మనుషులకు చలిజ్వరం వస్తుంది, పంజరంలో చిలక ఉంటే చచ్చిపోతుంది. కనుక నూనె వేశాకే పొయ్యి వెలిగించండి. మంట మధ్యస్థంగా ఉంచండి. నూనె పొగలు కక్కిందంటే మంట ఎక్కువైనట్టే. కిటికీ తెరిచి పెట్టండి. చెక్క గరిటె వాడండి. పూత లేచిపోయిన పెనాన్ని పారెయ్యండి.

ఇక ఇత్తడి గిన్నెల సంగతి. వాటిని అటకమీంచి దించారు సరే, కళాయి ఉందో లేదో చూశారా? కళాయి పోయిన ఇత్తడిలో చింతపండు పులుసు కాస్తే చిలుమెక్కి వాంతులు పట్టుకుంటాయి. కళాయి వేసేవాడు తగరంలో సీసం కలిపితే అది ఇంకా చేటు. సీసం తల్లి రక్తంలోంచి మాయ దాటి బిడ్డకు చేరుతుంది, బిడ్డ మెదడుకు హాని చేస్తుంది. చవకరకం హిండాలియం గిన్నెలూ అనుమానించవలసినవే. అటువంటి కొన్ని పాత్రలనుంచి ఆహారంలోకి సీసం దిగుతోందని 2025లో అమెరికా ఆహార, ఔషధ శాఖ హెచ్చరించింది.

అందుచేత నా సలహా ఇది: పూత చెదరని పెనమైతే, పైన చెప్పిన జాగ్రత్తలతో అట్లు పోసుకోండి. మనసు ఒప్పకపోతే నూనె పట్టించి పదును చేసిన ఇనప పెనం వాడండి. దానివల్ల కాస్త ఇనుమూ ఒంటికి పడుతుంది, అలాగని డాక్టరమ్మ ఇచ్చిన ఇనుము మాత్రలు మానకండి. పులుసులకూ చారుకూ స్టీలు గిన్నె ఉండనే ఉంది.

అత్తగారిని నొప్పించకండి. ఆవిడ జాగ్రత్త మీకోసమే. చాదస్తమంటున్న మీ వారికి మాత్రం ఒక పని చెప్పండి. ఆ ఇత్తడి గిన్నెలు పట్టుకుపోయి, నమ్మకమైన మనిషి చేత, ఎదుట నిలబడి మంచి తగరంతో కళాయి పెట్టించుకు రమ్మనండి.