ఈ ఏడాది కొత్త కారు వద్దు

వర్క్‌షాప్ వెనక రేకుల షెడ్డులో నీలం టార్పాలిన్ కప్పి ఉన్నది ఏంటో మీలో చాలామందికి తెలుసు. మన కాలేజీ సోలార్ కారు. ఫెస్ట్‌లో దాని పక్కన నిలబడి సెల్ఫీ దిగని వాళ్లు తక్కువే. ఇంకో రెండు వారాల్లో కొత్త టీమ్ సెలెక్షన్లు. జూనియర్లు అప్పుడే డిజైన్ గీయడం మొదలుపెట్టారు, కారుకి పేరు కూడా అనుకున్నారు. మొన్న క్యాంటీన్‌లో నన్ను పట్టుకుని, "అన్నా, పాతది కట్ చేసేసి మోటారు, ప్యానెళ్లు తీసుకుందాం. ఈసారి ఫ్రెష్‌గా కడదాం" అన్నారు. వద్దన్నాను. వాళ్ల మొహాలు మాడిపోయాయి. ఎందుకు వద్దంటున్నానో టీ చల్లారేలోపు చెప్పలేకపోయాను. అందుకే ఇక్కడ రాస్తున్నా.

ముందే ఒక మాట. పోయినేడాది ఎలక్ట్రికల్ లీడ్‌ని నేనే. కాబట్టి ఇందులో ఎవరినైనా తిడుతున్నానంటే మొదట నన్ను నేనే తిట్టుకుంటున్నట్టు.

సోలార్ కారు అనగానే మన క్లాసుల్లో వచ్చే మొదటి మాట, "దాని బదులు హాస్టల్ డాబా మీద ప్యానెళ్లు పెట్టి ఎలక్ట్రిక్ స్కూటర్ ఛార్జ్ చేసుకోవచ్చు కదా!" నిజమే, చేసుకోవచ్చు. అదే తెలివైన పని కూడా. నెదర్లాండ్స్‌లో ఐండ్‌హోవెన్ యూనివర్సిటీ విద్యార్థులు స్టెల్లా అని కుటుంబమంతా కూర్చునే సోలార్ కారు కట్టి ఆస్ట్రేలియా పోటీలో గెలిచారు. ఆ టీమ్ వాళ్లే తర్వాత లైట్‌ఇయర్ అని కంపెనీ పెట్టి, జనానికి అమ్మే సోలార్ కారు తయారుచేశారు. ఉత్పత్తి మొదలైన కొద్ది నెలలకే, 2023 జనవరిలో, కారు తయారుచేసే సంస్థ దివాలా తీసింది. కాబట్టి రేపు రోడ్ల మీద అన్నీ సోలార్ కార్లే తిరుగుతాయని స్పాన్సర్ల దగ్గర మనం చెప్పే డైలాగ్ మానేస్తే మంచిది. నేనూ చెప్పాను ఆ డైలాగ్. సిగ్గేస్తుంది ఇప్పుడు.

మరి ఎందుకు కట్టడం? పవర్ అంత తక్కువగా ఉన్నప్పుడు తప్ప మనం లెక్క వెయ్యం, అందుకు.

ఆస్ట్రేలియాలో డార్విన్ నుంచి అడిలైడ్ వరకు సుమారు 3,000 కిలోమీటర్ల సోలార్ రేసు ఉంది. హాన్స్ థోల్‌స్ట్రప్ అనే సాహసి మొదలుపెట్టాడు, 1987లో మొదటిసారి జరిగింది. జనరల్ మోటార్స్ కంపెనీ సన్‌రేసర్ అనే కారుతో వచ్చి గంటకు సుమారు 67 కిలోమీటర్ల సగటుతో గెలిచింది. పొద్దున 8కి బయల్దేరాలి, సాయంత్రం 5 అయ్యేసరికి ఎక్కడుంటే అక్కడే ఎడారిలో ఆపి గుడారం వేసుకోవాలి. 2017 నుంచి కొన్ని పోటీల్లో సిలికాన్ ప్యానెల్ 4 చదరపు మీటర్లు మించకూడదని రూల్ ఉండేది. నడినెత్తి ఎండలో చదరపు మీటరుకి సుమారు 1,000 వాట్లు పడతాయి. సెల్ అందులో 24 శాతం పట్టుకుందనుకోండి, మొత్తం 960 వాట్లు. మీ ఇంట్లో మిక్సీ 750 వాట్లు ఉంటుంది. అంటే అమ్మ పచ్చడి రుబ్బే పవర్ కంటే కాస్త ఎక్కువ, అంతే. దాంతో 2019లో గెలిచిన బెల్జియం విద్యార్థులు గంటకు 85 కిలోమీటర్ల పైన సగటుతో దేశాన్ని అడ్డంగా దాటేశారు.

ఇది ప్యానెల్ గొప్పతనం కాదు. ప్యానెల్ దగ్గర్నుంచి చక్రం దాకా దారిలో ఎక్కడెక్కడ ఎన్ని వాట్లు కారిపోతున్నాయో కొలిచి, ఒక్కో చిల్లూ పూడ్చుకుంటూ పోవడం వల్ల వచ్చింది. గాలి నిరోధం తట్టుకోవడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుందని మనమంతా ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రాశాం, రెండు మార్కులు వేయించుకున్నాం. వేగం పది శాతం పెంచితే ఆ పవర్ 33 శాతం పెరుగుతుంది. మైలేజీ 60 ఇచ్చే బైకు మీద వెళ్తుంటే ఈ విషయం ఒంటికి తగలదు. ట్యాంకులో ఎప్పుడూ పెట్రోలు మిగిలే ఉంటుంది.

ఇప్పుడు మన కారు. డాబాల మీద పెట్టే 330 వాట్ల ప్యానెళ్లు రెండు, ఒక్కోటి 22 కిలోలు. ఛాసిస్ విజయవాడ ఆటోనగర్‌లో వెల్డింగ్ చేయించాం. అక్కడి మేస్త్రి పైపు చేత్తో పట్టుకుని చూసి, "బాబూ, ఇంత మందం ఎందుకు? మొత్తం ఎంత బరువు తూగాలి?" అని అడిగాడు. అయిదుగురం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా దగ్గర బోలెడు రంగుల స్ట్రెస్ ప్లాట్లు ఉన్నాయి గానీ ఆ ప్రశ్నకి జవాబు లేదు. చివరికి డ్రైవర్‌తో కలిపి 340 కిలోలు తేలింది.

"మన దగ్గర ఎండ ఎక్కువ, సోలార్‌కి మనమే కింగ్స్" అనేది ఇంకో భ్రమ. ప్యానెల్‌కి కావాల్సింది వెలుగు, వేడి కాదు. స్టిక్కర్ మీది 330 అనే అంకె సెల్ 25 డిగ్రీల దగ్గర ఉన్నప్పటిది. మన వేసవి మధ్యాహ్నం సెల్ 60 డిగ్రీలు దాటుతుంది. డిగ్రీకి సుమారు 0.4 శాతం చొప్పున వేసుకుంటే 14 శాతం అక్కడే పోయింది. రెండు ప్యానెళ్లూ కలిపి మేం కొలిచిన గరిష్ఠం 540 వాట్లు.

అదైనా పూర్తిగా వచ్చిందా అంటే, రాలేదు. ఈవెంట్‌కి మూడు వారాల ముందు మధ్యాహ్నం రెండు దాటాక పవర్ ఠక్కున 450కి పడిపోయేది. ఎంపీపీటీ కంట్రోలర్ పాడైందనుకుని విప్పాం, మళ్లీ బిగించాం. సెట్టింగ్స్ మార్చాం. వారానికి పైగా రాత్రిళ్లు కూర్చున్నాం. రాత్రిళ్లు సోలార్ ప్యానెల్ టెస్ట్ చేయడం ఏంటని అడక్కండి, పగలు క్లాసులు, అటెండెన్స్. ఆఖరికి మా మెకానికల్ అమ్మాయి ఒకరోజు రెండున్నరకి వచ్చి చూసి, "ఈ నీడ ఏంటి?" అంది. డ్రైవర్ తల వెనక రోల్ బార్ నీడ. వేలెడంత మందం, ప్యానెల్ అంచు సెల్స్ మీద పడుతోంది. ప్యానెల్‌లో సెల్స్ అన్నీ సిరీస్‌లో ఉంటాయి. ఒక సెల్‌కి నీడ పడితే బైపాస్ డయోడ్ ఆ వరసని పక్కకు తప్పిస్తుంది, ప్యానెల్‌లో మూడో వంతు సున్నా అయిపోతుంది. 270లో మూడో వంతు 90. లెక్క సరిగ్గా సరిపోయింది. ప్యానెల్‌ని జానెడు ముందుకి జరిపితే సమస్య పోయింది.

ఇక్కడిదాకా ఇది మామూలు కథే, ప్రతి టీమ్‌కీ ఇలాంటిది ఒకటి ఉంటుంది. అసలు నొప్పి తర్వాత తెలిసింది. మాకు రెండేళ్ల సీనియర్ ఒకాయన అలమ్నై మీట్‌కి వచ్చి ఈ కథ విని నవ్వి, "అరే, మా కారుకీ అదే జరిగింది రా, మేం కూడా కంట్రోలరే విప్పాం" అన్నాడు. అంటే ఒకే షెడ్డులో, ఒకే రకం కారులో, అదే నీడ. వాళ్లు కనిపెట్టారు, వెళ్లిపోయారు. మేం మళ్లీ కనిపెట్టాం. నేనేమైనా రాసిపెట్టానా? లేదు. వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో, కింద నలభై నవ్వుల ఎమోజీలు. ఆ గ్రూపు ఇప్పుడు మ్యూట్‌లో ఉంది. జూనియర్ల కొత్త డిజైన్ చూపించమన్నాను. రోల్ బార్ ఎక్కడుందో తెలుసా? ప్యానెల్‌కి సరిగ్గా అదే పక్కన.

ఏటా కొత్త కారు కడుతున్నామని మనం అనుకుంటున్నాం. నాకు మాత్రం ఏటా ఒకే కారుని వేరే రంగులో కడుతున్నట్టు ఉంది.

"డెల్ఫ్ట్ వాళ్లు ప్రతిసారీ కొత్త కారే కడతారు కదా" అని ఒక జూనియర్ గట్టిగానే వాదించాడు. నిజమే. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ యూనివర్సిటీ టీమ్ 2001లో మొదటిసారి ఆస్ట్రేలియా వెళ్లి మొదటిసారే గెలిచింది, ఆ తర్వాత చాలాసార్లు గెలిచింది. ప్రతి పోటీకీ కొత్త విద్యార్థులు, కొత్త కారు. కానీ వాళ్లు చదువు పక్కనపెట్టి ఏడాదికి పైగా అదే పనిలో ఉంటారు. పాత టీమ్ వాళ్లు పక్కనే కూర్చుని తప్పులు చూపిస్తారు. మొదట్లో వాళ్లకి సలహాదారు వుబ్బో ఓకెల్స్, డచ్ వాళ్ల మొదటి వ్యోమగామి. అంత ఉన్నా 2019లో ముందంజలో ఉన్న వాళ్ల కారు అడిలైడ్‌కి సుమారు 260 కిలోమీటర్ల దూరంలో మంటలంటుకుని కాలిపోయింది. డ్రైవర్ క్షేమంగా బయటపడ్డాడు. మనకి ల్యాబ్ ఇంటర్నల్స్‌కీ సెమిస్టర్ ఎగ్జామ్స్‌కీ మధ్య దొరికేది గట్టిగా నాలుగు నెలలు. అందులో మూడున్నర వెల్డింగ్‌కే పోతుంది. మేం ఈవెంట్‌కి ముందు కారుని మొత్తం ఎన్ని కిలోమీటర్లు నడిపామో చెప్తే నవ్వుతారు. పదకొండు. ఆస్ట్రేలియా రేసుకి 2023లో ఐఐటీ మద్రాస్ అగ్నిరథ్ టీమ్ ఆగ్నేయ అనే కారుతో వెళ్లింది. అక్కడిదాకా మనం వెళ్లలేమని నేననను. కానీ పదకొండు కిలోమీటర్ల అనుభవంతో వెళ్లలేం.

పోయిన నెల ఒక సాయంత్రం ఇద్దరు సెకండియర్ కుర్రాళ్లని తీసుకుని పాత కారు బయటికి తీశాను. హాస్టల్ వెనక రోడ్డు దాదాపు సమతలం. పాతిక దాకా స్పీడు తెచ్చి యాక్సిలరేటర్ వదిలెయ్యడం, 20 నుంచి 10కి పడడానికి ఎన్ని సెకన్లు పట్టిందో ఫోన్ స్టాప్‌వాచ్‌లో చూడడం. అటూ ఇటూ రెండు వైపులా, గాలి ప్రభావం పోవడానికి. సగటున 14 సెకన్లు వచ్చింది. బరువుతో గుణిస్తే కారుని వెనక్కి లాగుతున్న బలం 67 న్యూటన్లు. కారు ఎత్తి చక్రాలు తిప్పి చూస్తే ఎడమ వెనక బ్రేక్ ప్యాడ్ డిస్క్‌ని రాసుకుంటోంది, టైర్లలో గాలి సగమే ఉంది. ప్యాడ్ సర్ది, గాలి కొట్టించి మళ్లీ నడిపాం. 20 సెకన్లు. 47 న్యూటన్లు. ఎండ మీద మాత్రమే నడిచినప్పుడు మన కారు వేగం గంటకు 22 కిలోమీటర్లు. ఆ వేగం దగ్గర 20 న్యూటన్ల తేడా అంటే 120 వాట్ల పైమాటే.

నీడ తినేసిన దానికంటే ఎక్కువ. ఈవెంట్ మొత్తం ఆ ప్యాడ్ అలాగే రాసుకుంటూ నడిచిందేమో! ఖర్చు, గాలికి పది రూపాయలు. ఆ కుర్రాళ్లిద్దరూ ఆ రాత్రి మెస్సు మూసేదాకా ఆ లెక్కే మాట్లాడుకున్నారు. డైనమిక్స్‌లో ఇద్దరికీ బ్యాక్‌లాగ్ ఉందని తర్వాత తెలిసింది.

పాత కారుతో ఉంటే రెజ్యూమెలో ఏం రాసుకోవాలి అన్నది న్యాయమైన ప్రశ్నే. "డిజైన్డ్ అండ్ బిల్ట్" అన్న మాటకి ఉన్న విలువ "మెజర్డ్" అన్న మాటకి లేదు. కొత్త కారు లేకపోతే స్పాన్సర్‌కి చూపించడానికి ఫొటో ఉండదు, డిపార్ట్‌మెంట్‌కి బ్యానర్ ఉండదు. ఫస్టియర్ పిల్లలకి వెల్డింగ్ మెరుపుల్లో ఉన్న మజా స్టాప్‌వాచ్‌లో ఉండదని కూడా ఒప్పుకుంటా. ఒక ఏడాది ఈవెంట్‌కి వెళ్లకపోతే టీమే మూతపడుతుందేమో అన్న భయం నాకూ ఉంది. దానికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ ఇంటర్వ్యూలో "మీ కారు డ్రాగ్ ఎంత?" అని అడిగితే మా బ్యాచ్‌లో నలుగురం నీళ్లు నమిలాం. ఈసారి ఆ ఇద్దరు కుర్రాళ్లు నమలరు.

కాబట్టి టీమ్ సెలెక్షన్ రోజు నేను అడగబోయేది ఇది. రిజిస్ట్రేషన్ ఫీజు డబ్బుతో ఒక మంచి ఎనర్జీ మీటరు, ఒక తూకం కొనండి. ఏడాదిలో పాత కారుని 500 కిలోమీటర్లు నడపండి. విరిగిందల్లా ఎందుకు విరిగిందో తెలుగులోనో ఇంగ్లీషులోనో, చేతికొచ్చినట్టు ఒక పుస్తకంలో రాయండి. తర్వాత కొత్తది కట్టండి, నేనే వచ్చి పైపులు మోస్తా.

ఎవరొచ్చినా రాకపోయినా శనివారం మధ్యాహ్నం రెండింటికి షెడ్డు దగ్గర ఉంటా. మా బ్యాచ్ డేటా ఉన్న పెన్‌డ్రైవ్, నా నోట్‌బుక్ తెస్తున్నా. తాళం వాచ్‌మెన్ బాబాయ్ దగ్గర ఉంటుంది. నాకంటే ముందు వస్తే టార్పాలిన్ తీయండి గానీ, బ్యాటరీ జోలికి మాత్రం వెళ్లకండి. ఎర్ర వైరు లగ్ ఒకటి వదులుగా ఉంది, అది కూడా ఎక్కడా రాసిపెట్టలేదు.