రొద పోవాలా? పాట నిండాలా?



హెడ్‌ఫోన్లు కొనబోయేవారికి సాధారణంగా ఒక సందేహం కలుగుతుంది. బయటి రొదను అణచేవి కొనాలా, ఇంట్లో తీరికగా పాట వినడానికి చేసిన హై-ఫై రకం కొనాలా అని. రెండింటినీ వాడి చూచినవాడిగా నా అభిప్రాయం మనవి చేస్తాను.

మొదటి రకానికి పేరు తెచ్చినవారిలో ముఖ్యుడు అమర్ బోస్. అమెరికాలో స్థిరపడిన బెంగాలీ తండ్రికి కుమారుడు. 1978లో విమానంలో పాట వినబోతే ఇంజను హోరులో అది మునిగిపోయింది. దానికి విరుగుడు అక్కడే ఆలోచించడం మొదలుపెట్టాడు. బయటి శబ్దాన్ని చిన్న మైకు గ్రహిస్తుంది. యంత్రం దానికి సరిగ్గా ఎదురైన తరంగాన్ని పుట్టిస్తుంది. రెండూ కలిసి లోపిస్తాయి. ఐతే దీని ప్రతాపమంతా ఎడతెగని మంద్రపు హోరు మీదనే. మనిషి మాట, గిన్నె పడిన చప్పుడు అంత సులభంగా లొంగవు.

రెండవ రకంలో పేరెన్నికగన్నవి వెనుకభాగం మూయకుండా తెరచి ఉంచినవి. జర్మనీకి చెందిన సెన్‌హైజర్ సంస్థ 1968లో తెచ్చిన హెచ్‌డి 414 వీటికి ఆద్యం. వీటిలో పాట తలలో ఇరుక్కొన్నట్లు కాక చుట్టూ పరచుకొన్నట్లు వినిపిస్తుంది. బయటి చప్పుళ్ళూ లోనికి వస్తాయి. కొన్నిటికి ఫోను శక్తి చాలదు, వేరే యాంప్లిఫయరు కావాలి. పాత రేడియో రికార్డులో లేని నాదాన్ని మాత్రం ఎంత ఖరీదైనదైనా పుట్టించలేదు.

మార్కాపురం ఎండల్లో మధ్యాహ్నం కూలరు ఆపి పాట వినడం అసాధ్యం. అందువల్ల మా అబ్బాయి పంపిన మొదటి రకం నాకు వరప్రసాదమనిపించింది. ఒకనాడు మా ఆవిడ పొరుగూరు వెళ్ళింది. నేను వాటిని తగిలించుకొని ఘంటసాల పద్యాలు వింటూ కూర్చొన్నాను. వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వచ్చి, హారను మోగించి, వెళ్ళిపోయింది. చెవులను కప్పిన మెత్తలు, పైన పాట కలిసి ఆ హారనును మింగివేశాయి. తిరిగివచ్చిన మా ఆవిడ ఖాళీ డ్రమ్మును చూచి ఒక్క మాటా అనలేదు. పక్కింటికి బిందె తీసుకొని వెళ్ళింది. ఈ ప్రాంతంలో ఒకరి నీళ్ళు అడగడమంటే ఎంత సిగ్గో ఇక్కడివారికే తెలుస్తుంది.

కనుక నా నిర్ణయం ఇది. గిద్దలూరు దాటి నల్లమల మీదుగా నంద్యాల రైల్లో వెళ్ళేవారు, తరచు విమానమెక్కేవారు మొదటి రకమే కొనండి. రొద తగ్గితే పాట స్థాయిని పెంచనక్కరలేదు. పెద్దలకు 80 డెసిబెళ్ళ వద్ద వారానికి 40 గంటలకు మించి వినడం క్షేమం కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఐతే పలకల కర్మాగారంలో కోతయంత్రం దగ్గర పనిచేసేవారు వీటిని రక్షణగా నమ్మవద్దు. అక్కడ కావలసినవి చెవుల రక్షణకే ప్రత్యేకించి చేసిన తొడుగులు.

ఇంట్లో వినడానికైతే తెరచిన రకమే మేలు. కూలరు చప్పుడు కొంత పాటలో కలుస్తుంది, కాదనను. ఇప్పుడు నేను తెల్లవారుజామున, కూలరు అవసరంలేని వేళ వింటున్నాను. వంటింట్లోంచి మా ఆవిడ "ఏమండీ" అంటే వినబడుతోంది. ట్యాంకరు హారనూ వినబడుతోంది.

మీ అనుభవం వేరైతే తప్పక తెలుపగలరు.