ఆఖర్ల వచ్చినోన్ని సూసి నవ్వుడెందుకు?

ఊర్ల ఉరుకుడు పోటీ పెడితె మొదటి ముగ్గురికి బహుమతులు, ఆఖర్ల వచ్చినోనికి నవ్వులు. గాడు మళ్ల గ్రౌండ్ మొఖం సూడడు. మనకు పరుగంటె కొలువుల పరీక్షే గద! 2022 కానిస్టేబుల్ భర్తీల మొగపిలగాండ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లల ఉరకాలె. దాటితె ఇంటికే. అది నౌకరి లెక్క, తప్పదు. ఊరి పోటీకి సుత గదే లెక్కనా?

లండన్‌ల 2004ల 13 మందితోని పార్క్‌రన్ షురువైంది. శనివారం శనివారం 5 కిలోమీటర్లు, పైసలు తీస్కోరు. ఇప్పుడైతె అందరి ఎనుక ఒక వాలంటీర్ నడుస్తడు. ఆఖరి నంబర్ ఆయనదే. గందుకే మెల్లగ నడిశెటోళ్లు సుత ధైర్యంగ వస్తరు.

దీనికి ఫండ్స్ అక్కర్లే. ఈ దసరా పోటీల మీ యూత్ నుంచి ఒకలు ఎనుక నడువుండ్రి. ఇయాల ఆఖర్ల వచ్చినోడు రేపు కొలువు గీత దాటొచ్చు. కాని గ్రౌండ్‌కు మళ్లొస్తెనే.