గృహవిజ్ఞానము: వెలుగు స్విచ్చి చెప్పునది, చెప్పనిది



పాఠశాలలలో వైజ్ఞానిక ప్రదర్శనముల దినములు సమీపించినపుడు మన బిడ్డలు తీగెలు, స్క్రూడ్రైవరులు పరచుకొని కూర్చుండుట మన మెఱుగనిది కాదు. మా టోలిచౌకి పిల్లలు కోఠీలోని గుజరాతీ గల్లీకి పోయి, ట్రాన్స్‌ఫార్మరును, ఇనుప పెట్టెను, దాని కొక వెలుగు స్విచ్చిని కొనితెచ్చి, గోడ కరెంటుతో నడచు యంత్రమును గట్ట నుత్సహింతురు. ఆ యుత్సాహమును మనము చంపరాదు. కాని గోడనుండి వచ్చునది 230 వోల్టుల విద్యుత్తు, ప్రాణము తీయగలది. కావున వారితోబాటు మనమును ఆ స్విచ్చి మర్మమును గ్రహించుట యవసరము.

నొక్కినంతనే ఎఱ్ఱగా వెలుగు స్విచ్చి మన యెక్స్‌టెన్షను పెట్టెలపైనను గలదు. దానిలోపల సాధారణముగా నియాను వాయువు నింపిన చిన్న గాజుబుడ్డి యుండును. 1898లో లండను నగరమున విలియం రామ్సే, మోరిస్ ట్రావర్సు అను శాస్త్రజ్ఞులు కనుగొనిన వాయు విదియే. బుడ్డికి జతగా నుండు రెసిస్టరు మిక్కిలి స్వల్పమైన కరెంటును మాత్రమే పోనిచ్చును.

ఇట్టి స్విచ్చికి మూడు కాళ్లుండును. గోడనుండి వచ్చు ఫేజు తీగె మొదటి కాలికి, యంత్రమునకు పోవు తీగె రెండవదానికి, న్యూట్రలు మూడవదానికి. దీపము రెండవ, మూడవ కాళ్ల నడుమ నుండును. స్విచ్చి వేయగా ఫేజు రెండవ కాలికి చేరును, దీపము వెలుగును. మూడవ కాలు తరచుగా ఇత్తడి వన్నెతో నుండును. అయినను వన్నెను నమ్మక, తయారుచేసినవా రిచ్చిన పటమును చూడవలెను. 12 వోల్టుల దీపము గల స్విచ్చులును ఇట్లే కానవచ్చును. వానిని గోడ కరెంటునకు తగిలింపరాదు.

మొదటి రెండు కాళ్లు తారుమారైనచో, స్విచ్చి తీసినను దీపము వెలుగుచునే యుండును. న్యూట్రలును రెండవ కాలికి తగిలించినచో, స్విచ్చి వేసిన క్షణముననే ఫేజు, న్యూట్రలు నేరుగ కలిసి ఫ్యూజు పోవును. ఈ రెండు తప్పులును తమంతట తామే బయటపడును. బయటపడని తప్పే భయంకరము.

మయసభలో దుర్యోధనుడు జలమును స్థలమని భ్రమించి తడిసెను గదా! ఆరిన దీపమును చూచి "కరెంటు లేదు" అనుకొనుట యట్టి భ్రమయే. గోడలోని ఫేజు, న్యూట్రలు తారుమారై యున్నచో, స్విచ్చి న్యూట్రలును మాత్రమే త్రెంచును. దీపము ఆరును, యంత్రము నిలుచును. కాని లోపలి తీగెలన్నిటను ఫేజు పొంచియుండును. న్యూట్రలు తీగె యెక్కడనైన తెగినను ఇంతే. బుడ్డి పాతబడి చెడినను ఇంతే. వెలిగిన దీపము కరెంటున్నదని చెప్పును. ఆరిన దీపము లేదని చెప్పజాలదు.

కావున బిడ్డలచేత ఈ నియమములను పాటింపజేయుడు. సాకెట్టున కెదురుగా నిలిచి చూచినపుడు పెద్ద రంధ్రము పైన నుండగా, ఫేజు కుడివైపున నున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత పరీక్షింపజేయవలెను. ఫేజు తీగె మొదట ఫ్యూజును దాటి పిదపనే స్విచ్చిని చేరవలెను. రెండు తీగెలను ఒక్కసారి త్రెంచు నాలుగు కాళ్ల స్విచ్చి దొరికిన మఱియు మేలు. ఇనుప పెట్టెకు రంగు గీకి ఎర్తు తీగెను మరతో గట్టిగా బిగింపవలెను. స్విచ్చి కాళ్లు కనబడకుండ వానికి గొట్టములు తొడుగవలెను. ఇంటి మెయినువద్ద 30 మిల్లీయాంపియరుల ఆర్.సి.సి.బి. యుండవలెను. మొదటిసారి కరెంటు ఇచ్చునపుడు తెలిసిన పెద్దవా రొకరు ప్రక్కన నుండవలెను.

మూత తీయవలసి వచ్చినపుడు, స్విచ్చి ఆర్పుట చాలదు. ప్లగ్గును ఊడబెరికి, కంటికి కనబడునట్లు బల్లపై పెట్టి, లోపలి కెపాసిటరులలో నిలిచిన విద్యుత్తు పోవువఱకు కొంత తడ వాగి, పిదప చేయి పెట్టవలెను. తడిచేతితో స్విచ్చిని ముట్టవలదని మనము పిల్లలకు చిన్ననాడే నేర్పితిమి. ప్లగ్గు బల్లమీద కనబడనిదే పెట్టె తెఱవవలదని యిపుడు నేర్పుదము.